గోడ మీద మన మొహాలు సరే, మరి గడులెక్కడ?

డిసెంబరు వచ్చిందంటే చాలు, మన కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక కొత్త హుషారు మొదలవుతుందండీ. "ఈసారి ఫ్యామిలీ క్యాలెండర్ చేయిద్దాం, అందరూ మంచి ఫోటోలు పంపండి" అని ఒకరంటారు. ఇంకొకరు ఏదో ఆన్‌లైన్ ప్రింటింగ్ వాళ్ళ ఆఫర్ లింకు పెడతారు. మూడు కొంటే ఒకటి ఉచితం అని మరొకరు ఊరిస్తారు. జనవరి మొదటి వారానికల్లా కొరియర్ అబ్బాయి అట్టపెట్టె తెచ్చిస్తాడు. తళతళలాడే పన్నెండు కాగితాలు, పన్నెండు ఫోటోలు. "భలే ఉంది", "సూపర్", చప్పట్ల బొమ్మలు.

నేను మాత్రం చప్పట్లు కొట్టను. ఎందుకు కొట్టనో రెండేళ్ళుగా నోట్లోనే ఉంచుకున్నాను. ఇవాళ రాసేస్తాను. చదివి తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి, మనలో మనమేగా.

క్యాలెండర్ అంటే గోడకి తగిలించిన ఇంటి చిట్టాపుస్తకం. ఫోటోకి ముప్పాతిక కాగితం ఇచ్చేసి, తేదీలని అడుగున చీమల బారులా పేర్చి, రాసుకోవడానికి వేలెడు జాగా కూడా ఉంచకుండా అచ్చేసినదాన్ని క్యాలెండర్ అనడానికి నాకు మనసొప్పదు. ఆల్బమ్ అనండి, పోస్టరు అనండి, హాల్లో సోఫా వెనకాల పెట్టుకోండి. కానీ దాన్ని తెచ్చి మా వంటింటి గుమ్మం పక్కనున్న మేకుకి తగిలించి, "ఆ పాతది తీసెయ్, బాగోలేదు" అంటే మాత్రం ఊరుకోను.

ఆ "బాగోలేనిది" ఏం పని చేస్తుందో చూడండి. మా ఇంట్లో అది మామూలు తెలుగు క్యాలెండర్. వారాల పేర్లు ఎడమ పక్కన, అంకెలు పైనుంచి కిందికి. ప్రతి గడిలో పెద్ద అంకె, దాని కింద తిథి, నక్షత్రం, వర్జ్యం. మిగిలిన కాసింత ఖాళీ మాది. పాలప్యాకెట్లు మామూలుగా రెండు, చుట్టాలొచ్చి నాలుగు తీసుకుంటే ఆ రోజు గడిలో 4. పనమ్మాయి రాని రోజు ఇంటూ గుర్తు. ఇస్త్రీకి ఎన్ని బట్టలు వేశామో అంకె. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను వచ్చిన రోజు "నీ". గ్యాస్ బండ మార్చిన రోజు "గ్యా", దాని చుట్టూ సున్నా. చీటీ కట్టాల్సిన తేదీ, ఎల్ఐసీ ప్రీమియం, పిల్లల ఫీజు, అత్తయ్యగారి బీపీ మాత్రలు కొత్త డబ్బా మొదలెట్టిన రోజు. ఇవి కాక, ఇంట్లో మగవాళ్ళు ఏళ్ళ తరబడి చూస్తూ కూడా అదేమిటని అడగని ఒక చిన్న చుక్క. అది నాకోసం. మీలో చాలామంది గోడల మీద కూడా ఆ చుక్క ఉంటుందని నాకు తెలుసు.

"ఇవన్నీ ఫోన్లో పెట్టుకోవచ్చు కదా వదినా, ఇంకా ఏ కాలంలో ఉన్నావ్?" అంటుంది మా ఆడపడుచు. తను మంచిది, నామీద ప్రేమతోనే అంటుంది. కానీ ఈ మాటలో ఒక పెద్ద పొరపాటుంది. ఫోన్లో ఉన్నది ఒక్కరి దగ్గరే ఉంటుంది. గోడ మీద ఉన్నది అందరిదీ. మా అత్తయ్యగారికి ఫోన్‌లో పచ్చ బటన్, ఎర్ర బటన్ తప్ప ఇంకేవీ అక్కర్లేదు. మా పనమ్మాయి ఫోన్‌కీ నా ఫోన్‌కీ సంబంధం లేదు. కానీ గోడ దగ్గరికి ఇద్దరూ వస్తారు. "అమ్మా, నేను పోయిన నెల మూడు రోజులే రాలేదు, నాలుగు కాదు" అని ఆ అమ్మాయి వేలుపెట్టి చూపిస్తుంది. గడులు లెక్కపెడతాం, తేలిపోతుంది. నా ఫోన్లోని లెక్క అయితే తనకి కనపడదు, నేను చెప్పిందే లెక్క అవుతుంది. జీతం ఇచ్చేవాళ్ళ జేబులో ఉన్న లెక్కకీ, జీతం తీసుకునేవాళ్ళకి కూడా కనపడే లెక్కకీ తేడా లేదంటారా?

ఇంకో మాట చెప్తాను. మొన్న వానాకాలంలో మా అమ్మ దగ్గరికి నాలుగు రోజులు ఊరెళ్ళాను. నేను లేనప్పుడు మా అబ్బాయికి జ్వరమొచ్చింది. వచ్చాక ఆసుపత్రికి తీసుకెళ్తే డెంగీ అన్నారు. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "జ్వరం మొదలై ఇవాళ్టికి ఎన్నో రోజు?" డెంగీలో ఆ లెక్క ఎంత ముఖ్యమో పిల్లలున్న ఇళ్ళలో అందరికీ తెలుసు. జ్వరం తగ్గినట్టు కనపడే రోజుల్లోనే, అంటే మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య, ప్రమాదం ఎక్కువ. మా వారు "మొన్నే కదా" అన్నారు. అబ్బాయి "ఏమో, ఆదివారం అనుకుంటా" అన్నాడు. ఇంటికి ఫోన్ చేస్తే అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని గోడ దగ్గరికెళ్ళి చదివారు: శనివారం గడిలో, "బాబుకి జ్వరం, సాయంత్రం దీపాల వేళ". ఆవిడ చేత్తో, ఆవిడ పెన్సిల్‌తో రాసినది. ఆ గడిలో జాగా ఉంది కాబట్టి రాశారు. అక్కడ మేమంతా సముద్రం ఒడ్డున నల్లకళ్ళద్దాలతో దిగిన ఫోటో ఉంటే ఎక్కడ రాసేవారు, నా ముక్కు మీదా?

గ్యాసు సంగతీ అంతే. మాకు బండ దాదాపు నలభై రోజులొస్తుంది. ఒకసారి ఇరవై ఆరు రోజులకే ఖాళీ అయింది. "వంటలెక్కువయ్యుంటాయి" అని అందరూ తీసిపారేశారు. నేను సున్నా చుట్టిన గడి నుంచి వేలితో లెక్కపెట్టి, కాదన్నాను. మనిషి వచ్చి చూస్తే ట్యూబు రెగ్యులేటర్ దగ్గర చీలింది. అలంకారమనుకునేవాళ్ళకి ఈ గడులు ఉత్త గీతలు. మాకు అవి కాపలా.

ఇక తిథుల దగ్గరికి వద్దాం. ఈ ఆన్‌లైన్ వాళ్ళ టెంప్లేట్లలో జనవరికి మంచు, ఫిబ్రవరికి గుండె బొమ్మలు, అక్టోబరుకి గుమ్మడికాయలు వస్తాయి. ఆకులు రాలే బొమ్మ నవంబరుకి. మా ఊళ్ళో నవంబరులో ఏ ఆకు రాలిందో నాకైతే గుర్తులేదు. పోనీ బొమ్మలంటే ముచ్చట. సెలవులు? డల్లాస్‌లో ఉన్న మా దగ్గరి చుట్టాలమ్మాయి ప్రేమగా పంపిన క్యాలెండర్‌లో జులై 4 ఎర్రగా ఉంది, థాంక్స్ గివింగ్ ఎర్రగా ఉంది. ఉగాది మామూలు నల్ల అంకె. పంపించింది ఎవరికండీ? డెబ్భై ఆరేళ్ళ అత్తయ్యగారికి.

2026నే తీసుకోండి. మార్చి 19న ఉగాది, పరాభవ నామ సంవత్సరం మొదలు. అంటే ఈ క్యాలెండర్లో మొదటి రెండున్నర నెలలూ ఇంకా విశ్వావసులోనే ఉంటాం. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. చాంద్రమానంలో ఏడాదికి 354 రోజులే కాబట్టి, ఆ పదకొండు రోజుల వెలితి పోగుపడి రెండున్నరేళ్ళు దాటాక ఒక నెల అదనంగా వస్తుంది. ఆ నెల్లో పెళ్ళి ముహూర్తాలు పెట్టుకోరు. ఆ తర్వాతి పండగలన్నీ వెనక్కి జరుగుతాయి. వినాయక చవితి 2025లో ఆగస్టు 27న అయితే, 2026లో సెప్టెంబరు 14న. సెలవు పెట్టుకునేవాళ్ళకీ, రైలు టికెట్లు తీసుకునేవాళ్ళకీ, పత్రి తెచ్చుకునేవాళ్ళకీ ఈ పద్దెనిమిది రోజుల తేడా పెద్ద తేడానే.

పండగలైనా టీవీలో చెప్తారు. మా మామగారి తిథి ఏ టీవీ చెప్తుంది? ఆయన ఆశ్వయుజ బహుళ తదియనాడు పోయారు. ఇంగ్లీషు తేదీ మాకు లెక్కలోకి రాదు, ఏటా తిథే చూసుకోవాలి. జనవరిలో కొత్త క్యాలెండర్ రాగానే అత్తయ్యగారు చేసే మొదటి పని ఆ పేజీ తిప్పి, ఆ గడి వెతికి, పసుపు బొట్టు పెట్టడం. ఇప్పుడు చెప్పండి, అంకె తప్ప ఏమీ లేని క్యాలెండర్లో ఆవిడ ఆ బొట్టు ఎక్కడ పెట్టాలి?

ఇందులో భక్తి ఉందా లేదా అన్న చర్చలోకి నేను వెళ్ళను. వర్జ్యం చూసుకునేవాళ్ళు చూసుకుంటారు, లేనివాళ్ళు లేదు. మా వారు రాహుకాలంలోనే బండి తీస్తారు. ఒక ఇంటి మనిషి పోయిన రోజు ఏ లెక్కన గుర్తుందో, ఆ లెక్క గోడ మీద ఉండాలి, అంతే నా మాట.

సరే, మనమే తెలుగులో రాసుకుందామని ఆ వెబ్‌సైట్‌లో "శ్రీ" అని కొట్టి చూడండి. శ కింద ర వత్తు ఉండాల్సింది పక్కకి దిగి సున్నాల గుర్తు వేసుకుని కూర్చుంటుంది. "క్రిష్ణాష్టమి" అని రాసినా "కృష్ణాష్టమి" అని రాసినా వత్తులన్నీ విడిపోయి గోలీలాటలో గోలీల్లా చెల్లాచెదురవుతాయి. బీఏ తెలుగు చదివినదాన్ని, నాకు కడుపు మండదా? కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, "మేడమ్, తెలుగు ఫాంట్ సపోర్ట్ లేదు, ఇంగ్లీష్‌లో టైప్ చేసుకోండి" అన్నాడు ఆ అబ్బాయి. ఆ అబ్బాయి మాట్లాడింది తెలుగులోనే! 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8 కోట్లకు పైగా ఉన్నాం. మన డబ్బులు తీసుకోవడానికి ఏ భాషా అడ్డం రాదు, వత్తు సరిగ్గా పడాలంటే మాత్రం సపోర్ట్ లేదు. చేతకాక కాదు. ఫోన్లో అవే అక్షరాలు చక్కగా పడుతున్నాయి కదా! మనం అడగం కాబట్టి వాళ్ళు పట్టించుకోరు.

ఇప్పుడు ఫోటోల సంగతి. ఈ కానుక ఇంట్లో ఎవరి నెత్తిన పడుతుందో గమనించారా? "అమ్మ సెలెక్ట్ చేస్తుందిలే." ఐదారు వేల ఫోటోల్లోంచి పన్నెండు ఏరడం. అటువైపువాళ్ళు ఏడు నెలల్లో ఉండి ఇటువైపువాళ్ళు ఐదు నెలల్లోనే ఉంటే ఒక అలక. పెద్ద బావగారు డిసెంబరులో వేస్తే "చివర్లో పడేశారు" అని ఇంకో అలక. తోడికోడలు కళ్ళు మూసుకున్న ఫోటో వేస్తే ఆ ఏడాదంతా కళ్ళు మూసుకునే ఉంటుంది, ఆ మాట ఏడాదంతా మనం పడతాం. ఇంత చేసి చివరికి పన్నెండు పేజీలూ తిప్పి చూస్తే, ఏరినావిడ ఎక్కడుంటుంది? ఒకదాంట్లో సగం భుజం. ఇంకోదాంట్లో వడ్డిస్తున్న చెయ్యి. మిగతా పదింట్లోనూ ఆవిడ ఫోన్ పట్టుకుని ఇవతల నిలబడి ఉంది కాబట్టి లేదు. అదే గోడ మీది పాత క్యాలెండర్లో నా ఫోటో ఒక్కటీ లేదు, కానీ మూడొందల అరవై అయిదు గడుల్లో మూడొందల గడుల్లో నా చేతిరాత ఉంది. నేను ఆ ఇంట్లో ఏం చేశానో అందులో ఉంది. ఫోటోలో నవ్వే చోటు కోసం, నేను చేసిన పని రాసి ఉన్న చోటుని తీసేస్తామంటే ఒప్పుకోవాలా?

అన్నట్టు, బొమ్మలంటే నాకు పడదనుకోకండి. క్యాలెండర్ మీద బొమ్మ మనకి కొత్తేం కాదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టించి లక్ష్మీ సరస్వతులని రంగుల్లో అచ్చువేయించాక, ఆ బొమ్మలు ఇంటింటి గోడకీ ఎక్కాయి. తర్వాత శివకాశి ప్రెస్సుల పుణ్యమా అని కిరాణా కొట్టువాళ్ళూ, బంగారం కొట్టువాళ్ళూ, ఎరువుల కొట్టువాళ్ళూ మనకి దేవుళ్ళని ఉచితంగా పంచారు. పైన వెంకటేశ్వరస్వామి, కింద కొట్టు పేరు. కానీ ఆ కొట్టువాళ్ళకి ఒక మర్యాద ఉండేదండీ. వాళ్ళ ప్రకటన వాళ్ళు వేసుకున్నా, గడులు మనకి వదిలేవారు. సొంత మనుషులం, మనకి ఆ పాటి మర్యాద లేదా?

ఇంకో చిక్కుంది. పాత క్యాలెండర్ కాగితాలు పిల్లల పుస్తకాలకి అట్టలయ్యేవి, అలమరాల్లో డబ్బాల కిందికి వెళ్ళేవి. దేవుడి బొమ్మ ఉంటే కత్తిరించి పటం కట్టించేవారు. మరి ఈ తళతళల కాగితాలని డిసెంబరు 31 తర్వాత ఏం చేస్తారు? అమ్మమ్మ మొహాన్ని చెత్తబుట్టలో వేస్తారా, పప్పుడబ్బా కింద పరుస్తారా? మా ఇంట్లో అటక మీద ఇప్పటికి రెండేళ్ళవి గొట్టంలా చుట్టి ఉన్నాయి. పారేయలేం, పెట్టుకోలేం.

అయితే ఒక్క మాట మాత్రం ఒప్పుకుని తీరాలి. ఊళ్ళో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళున్నారు. పిల్లలు సియాటిల్లోనో సిడ్నీలోనో ఉంటారు. పొద్దున్న లేవగానే గోడ మీద మనవడి మొహం కనపడితే ఆ పెద్దావిడకి అది ఒక పలకరింపు. మతిమరుపు మొదలైన వాళ్ళకి "ఇది ఎవరు?" అని అడిగి గుర్తు చేయడానికి కూడా పనికొస్తుంది. ఇది చిన్న సంగతి కాదు. ఫోటో క్యాలెండర్ గురించి ఎవరైనా ఇంతకన్నా మంచి మాట చెప్పలేరు. కానీ ఆ పెద్దావిడకే, అందరికన్నా ఎక్కువగా, గడులు కావాలి. ఏ రోజు ఏ మాత్ర, కంటి డాక్టరు ఎప్పుడు రమ్మన్నాడు, మనవడు ఫోన్ చేస్తానన్నది ఏ ఆదివారం. దూరాన ఉన్న పిల్లలు మొహాలు మాత్రమే పంపి, తేదీలు మూడో కంటికి కూడా కనపడనంత చిన్నగా అచ్చువేయిస్తే, అది ఆవిడ కోసం చేసిందా, మన తృప్తి కోసమా?

కాబట్టి చేయించకండి అనను. చేయిస్తే క్యాలెండర్‌లా చేయించండి అంటాను. ఎలాగంటే:

ఫోటో పేజీలో మూడో వంతు దాటకూడదు. మిగతాదంతా గడులే. ఒక్కో గడిలో కనీసం రెండు మాటలు పట్టాలి, అంకె గది అవతలి నుంచి కనపడాలి. కాగితం తళుకుది వద్దు, దానిమీద బాల్‌పెన్ను జారుతుంది, ఇంకు చెరిగిపోతుంది. పెన్ను పట్టే కాగితం, మన ప్రెస్సువాళ్ళు మ్యాప్‌లిథో అంటారే, అది అడగండి. ఆన్‌లైన్‌లో అది లేకపోతే మ్యాట్ తీసుకుని, ముందు ఒక కాపీ తెప్పించి రాసి చూసుకోండి.

తెలుగు అక్షరాలని వాళ్ళ డబ్బాల్లో కొట్టకండి. నెల పేజీ మొత్తం తిథులతో సహా మీరే తయారుచేసి, బొమ్మగా గానీ పీడీఎఫ్‌గా గానీ ఎక్కించండి. అప్పుడు వత్తులు ఎక్కడివక్కడే ఉంటాయి. తిథులు నమ్మకమైన పంచాంగం చూసి వేయండి. అమెరికాలో ఉన్నవాళ్ళు ఇక్కడి తిథులు అలాగే దింపేసుకోకూడదు. అక్కడి సూర్యోదయానికి ఏ తిథి ఉంటుందో చూడాలి, కొన్ని పండగలు వాళ్ళకి ఒక రోజు ముందే వస్తాయి.

వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫోటోలు వాడకండి. ఏ4 పేజీ నిండా చక్కగా అచ్చవ్వాలంటే 2480కి 3508 చుక్కలుండాలి. వాట్సాప్ ఫోటోని చాలాసార్లు 1600 దగ్గరికి కుదించేస్తుంది, అప్పుడు మొహాలు అలికినట్టు వస్తాయి. డాక్యుమెంటుగా పంపమనండి. అచ్చులో ఫోటో తెర మీదకన్నా కాస్త నల్లబడుతుంది, ముందే కొంచెం వెలుతురు పెంచండి. తలలు అంచుకి ఆనించకండి, కోతలో పోతాయి.

ఊళ్ళో చిన్న ప్రెస్సుంటే ఒకసారి అక్కడ అడగండి. డీటీపీ కుర్రాడి పక్కన అరగంట కూర్చుంటే "ఆబ్దికం" అన్న మాట వత్తుతో సహా పడుతుంది. తప్పుంటే అక్కడికక్కడే దిద్దుతాడు. తెలుగు సపోర్ట్ లేదు అనడు.

అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో క్యాలెండర్ మీద రోజూ రాసేది ఎవరో వాళ్ళని అడగకుండా ఆర్డర్ పెట్టకండి. మీ ఇంట్లో ఆ పెన్ను ఎవరి చేతిలో ఉందో మీకు తెలియదంటే, ముందు అది తెలుసుకోండి.

ఈసారి మా గ్రూపులో లింకు రాగానే నేను ఇదే చెప్పాను. మా ఆడపడుచు రెండు రోజులు పలకలేదు. మూడో రోజు అడిగింది, "గడి ఎంత వెడల్పు ఉండాలి వదినా?" అని. అంగుళంన్నర అన్నాను. ఏప్రిల్ పేజీకి నా ఫోటో ఒకటి పంపమంది. వెతుకుతున్నాను.